‘గింత చిన్న పిల్లను హాస్టల్ల ఏస్తరా?’

మా అమ్మాయిని బోర్డింగ్ స్కూల్లో చేర్చబోతున్నామని ఫోన్లో చెప్పగానే మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నా. తర్వాత మెల్లగా అడిగింది: “ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా బిడ్డా? గింత చిన్న పిల్లను హాస్టల్ల ఏస్తరా?”

ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. నన్ను అయిదో తరగతిలో గురుకులంలో వేసినప్పుడు మా ఇంట్లో ఉన్న కారణం ఒక్కటే. ఊళ్లో సరైన బడి లేదు, పట్నంలో ఉంచి చదివించే స్తోమత లేదు. మా అమ్మ లెక్కలో హాస్టల్ అంటే ఇంట్లో కుదరనివాళ్లు వెళ్లే చోటు. లేదంటే ఇంటర్ పిల్లల్ని ర్యాంకుల కోసం పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీ. అమెరికాలో సొంత ఇల్లు, పిల్లకి వేరే గది, బస్సు ఇంటి ముందుకే వచ్చే మంచి పబ్లిక్ స్కూలు, దానికి ఒక్క డాలర్ ఫీజు కూడా లేదు. ఇన్ని పెట్టుకుని పధ్నాలుగేళ్ల పిల్లని హాస్టల్‌కి పంపడమేంటి? రెండేళ్ల ముందు ఎవరైనా ఇలా చేస్తున్నారని తెలిస్తే నేనూ అదే మాట అనేవాణ్ని.

మేం ఉండేది మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరోలో. ఈ కథంతా ఒక లెక్కల పోటీతో మొదలైంది. న్యూ హాంప్‌షైర్‌లో ఎక్సెటర్ అనే చిన్న ఊళ్లో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే బడి ఉంది. అక్కడి మ్యాథ్ క్లబ్ పిల్లలు మిడిల్ స్కూల్ వాళ్ల కోసం ఏటా జనవరిలో ఒక పోటీ పెడతారు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఫ్రెండ్స్‌తో కలిసి టీమ్ కట్టి వెళ్తానంది. నా పని డ్రైవింగ్. మంచు పడుతుంటే గంటన్నర నడిపి తీసుకెళ్లా. టీమ్‌కి ప్రైజేమీ రాలేదు. తిరుగు ప్రయాణంలో దిగులుగా ఉంటుందనుకుని ఓదార్పు మాటలు రెండు సిద్ధం చేసుకున్నా. తను మాత్రం వేరే లోకంలో ఉంది. “నాన్నా, పేపర్ సెట్ చేసింది వాళ్లే, దిద్దింది వాళ్లే. వాళ్లు ఉండేది కూడా అక్కడేనట. రాత్రి పదింటికి ఒక లెక్క తోచకపోతే పక్క గది తలుపు కొట్టొచ్చట!”

“ఊఁ” అన్నా. అంతటితో మర్చిపోతుందిలే అనుకున్నా. మర్చిపోలేదు.

ఇక్కడ ప్రెప్ స్కూల్ అంటే ఏంటో చెప్పాలి. కాలేజీకి పిల్లల్ని తయారుచేసే హైస్కూల్ అని అర్థం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు, ఎక్కువమంది అక్కడే ఉండి చదువుకుంటారు. ఈశాన్య రాష్ట్రాల చిన్న చిన్న ఊళ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి, కొన్ని దేశమంత పాతవి. ఎక్సెటర్ బడిని జాన్ ఫిలిప్స్, ఆయన భార్య ఎలిజబెత్ 1781లో స్థాపించారు. అంటే అమెరికా రాజ్యాంగం రాయడానికి ఆరేళ్ల ముందు. అంతకు మూడేళ్ల ముందు, 1778లో, ఆయన అన్న కొడుకు మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో ఇంకో అకాడమీ పెట్టాడు. ఆ రెండు బళ్లూ 1878 నుంచి ఫుట్‌బాల్‌లో కొట్టుకుంటూనే ఉన్నాయి. మన దాయాదుల పోరు లాంటిదే అనుకోండి.

ఈ బడి పని ఏంటో నాకు బాగా అర్థమైంది రాబర్ట్ లింకన్ కథతో. అబ్రహాం లింకన్ పెద్దకొడుకు 1859లో హార్వర్డ్ ప్రవేశ పరీక్ష రాసి 16 సబ్జెక్టుల్లో 15 తప్పాడు. కాలేజీకి తయారవడానికి ఎక్సెటర్‌లో చేరాడు, మరుసటేడు హార్వర్డ్‌లో సీటు తెచ్చుకున్నాడు. మన భాషలో లాంగ్ టర్మ్ కోచింగ్. 1860 ఫిబ్రవరి చివర్లో న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లో లింకన్ తన పేరు దేశమంతా మోగిపోయే ప్రసంగం చేశాడు. అక్కణ్నుంచి కొడుకుని చూసుకోవడానికి ఇటు వచ్చి, మార్చి 3న ఎక్సెటర్ టౌన్ హాల్లో మాట్లాడాడు. ఆ టౌన్ హాల్ ఇప్పటికీ ఉంది. దానికి కాస్త దూరంలో రోడ్డు మధ్య గుండ్రటి మండపం ఒకటి ఉంది. దాన్ని గీసిన హెన్రీ బేకనే వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్ కూడా గీశాడు. అందులో కూర్చున్న లింకన్ విగ్రహం చెక్కిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ పుట్టింది ఈ ఊళ్లోనే. ఇవన్నీ ఆ మండపం పక్కన కారు పార్క్ చేసి, మా ఆవిడా అమ్మాయీ కాఫీ తెచ్చేలోపు ఫోన్లో చదువుకున్నవి. చదివాక నా కంటికి మాత్రం ఆ టౌన్ హాల్ ముందు కాబోయే అధ్యక్షుడు కనిపించలేదు. పరీక్ష తప్పిన కొడుకుని చూడ్డానికొచ్చిన తండ్రి కనిపించాడు.

అది ఎనిమిదో తరగతి అక్టోబర్. క్యాంపస్ టూర్, ఇంటర్వ్యూ ఒకేరోజు పెట్టుకున్నాం. టూర్ చేయించింది పదకొండో తరగతి అమ్మాయి, వెనక్కి నడుస్తూ మాతో మాట్లాడుతూనే మెట్లు దిగుతోంది. అకాడమీ బిల్డింగ్ గుమ్మం పైన లాటిన్‌లో ఏదో చెక్కి ఉంటే అడిగాను. “అబ్బాయిలూ, మగవాళ్లు కావడానికి ఇక్కడికి రండి” అని దాని అర్థమట. ఈ బళ్లో ఆడపిల్లల్ని చేర్చుకుంది 1970 నుంచే. అంటే 189 ఏళ్లు మగపిల్లల బడి. తర్వాత ఇంకో లాటిన్ వాక్యం చేర్చారు. దాంట్లో అబ్బాయిలతో పాటు అమ్మాయిల్నీ పిలిచారు. పాతది చెరిపెయ్యకుండా కొత్తది పెట్టడం నాకు నచ్చింది. మా ఆవిడకి నచ్చలేదు. “189 ఏళ్లు ఆగి చిన్న అక్షరాలతో సర్దుకున్నారు” అంది. అక్షరాల సైజు నేను గమనించలేదు.

లైబ్రరీ గురించి చెప్పకపోతే పాపం. బయటి నుంచి చూస్తే ఇటుకల పెట్టె, ఏదో మిల్లులాగా ఉంటుంది. లోపలికి వెళ్లి మెట్లెక్కి నిలబడితే నాలుగు వైపులా కాంక్రీటు గోడలు, ఒక్కో గోడలో అంతస్తుల ఎత్తున ఒక్కో పెద్ద వృత్తం. ఆ వృత్తాల్లోంచి వరసలు వరసలుగా పుస్తకాలు కనిపిస్తాయి. 1971లో తెరిచిన ఈ భవనం లూయీ కాన్ గీసినది. అహ్మదాబాద్ ఐఐఎం కట్టింది కూడా ఆయనే. 1974లో ఆ అహ్మదాబాద్ నుంచే తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్లో చనిపోయాడు. ఐఐఎం ఇటుక గోడల్లోని గుండ్రటి ఖాళీల్ని ఫొటోల్లో చూసినవాళ్లకి ఈ వృత్తాలు వెంటనే చుట్టాల్లా అనిపిస్తాయి. బయటి గోడ వెంట కిటికీ కిటికీకీ ఒక చెక్క బల్ల, ఒక మనిషికి సరిపడా. కూర్చున్నవాళ్ల కంటి ఎదురుగా చిన్న కిటికీ, దానికో జరుపుకునే చెక్క తలుపు. వెలుగు కావాలంటే తీసుకోవాలి, వద్దంటే వేసుకోవాలి. మా అమ్మాయి ఒకదాంట్లో కూర్చుని ఆ తలుపు నాలుగుసార్లు తీసి వేసింది. “వెళ్దామా” అంటే లేవలేదు. బహుశా అప్పుడే నాకు టెన్షన్ మొదలైంది.

ఇంటర్వ్యూ ముందు అమ్మాయితో, తర్వాత మాతో. తనతో ముప్పావు గంట మాట్లాడారు. మాతో పది నిమిషాలే. కట్టుదిట్టంగా తయారై వెళ్లాను. స్పెల్లింగ్ బీ, కూచిపూడి, గణిత పోటీలు అన్నీ నోటికి వచ్చు. ఇంటర్వ్యూ చేసినావిడ అవేవీ అడగలేదు. “అమ్మాయి వెళ్లిపోతే మీ ఇంట్లో ఏం మారుతుంది?” అని అడిగింది. నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మా ఆవిడ “రాత్రి భోజనం దగ్గర వాదించేవాళ్లు ఉండరు” అంది. నేను ఎందుకో నా రేకు ట్రంకు పెట్టె గురించి చెప్పడం మొదలెట్టా.

ఆ కథ మా ఆవిడకి కూడా అప్పటిదాకా పూర్తిగా తెలియదు. తెలుగునేల మీద మొదటి గురుకుల పాఠశాల 1971లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. ఊళ్లల్లో బాగా చదివే పిల్లల్ని ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుని, ప్రభుత్వ ఖర్చుతో ఉంచి చదివించడం దాని ఉద్దేశం. ఆ తర్వాత అలాంటివి జిల్లాల్లో మరికొన్ని వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో నాకు సీటొచ్చింది. నాన్న ఆకుపచ్చ రంగు ట్రంకు కొని దానిమీద తెల్ల పెయింట్‌తో నా పేరు, తరగతి రాయించాడు. పెయింటర్ నా పేరులో ఒక వొత్తు మింగేశాడు. ఆరేళ్లూ ఆ తప్పు పేరుతోనే నన్ను వెక్కిరించారు. నాన్న నన్ను దింపి ఎర్రబస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. అటు తిరిగి కూర్చున్నాడు. కోపం వచ్చిందేమో అనుకున్నా. “ఇప్పుడు తెలుస్తోంది” అని ఇంగ్లీషులో చెప్పబోతే మాట పూర్తి కాలేదు. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ టిష్యూ బాక్స్ నా వైపు జరిపింది. బయటికి వచ్చాక మా అమ్మాయి నా మొహం చూసి, “ఇంటర్వ్యూ ఎవరికి నాన్నా?” అంది.

నవంబర్ నుంచి జనవరి 15 గడువు దాకా మా ఇంట్లో పండగల్లేవు. ఎస్‌ఎస్‌ఏటీ అని ఒక పరీక్ష ఉంది. మేం అప్లై చేసిన నాలుగు బళ్లలో కొన్ని అడిగాయి, కొన్ని ఇష్టమైతే పంపమన్నాయి. లెక్కలు, రీడింగ్, వెర్బల్, పైన ఒక వ్యాసం. వెర్బల్లో 60 ప్రశ్నలు, సగం పర్యాయపదాలు, సగం పోలికలు. తప్పు జవాబుకి పావు మార్కు కోత. నాకు అలవాటైన రంగమే కదా అని కత్తులు నూరాను. మొదటి ప్రాక్టీస్ టెస్ట్ పర్సంటైల్ చూసి ఇంట్లో అందరం నిశ్శబ్దమైపోయాం. స్కూల్లో ఎప్పుడూ పైన ఉండే పిల్లకి ఇక్కడ మధ్యలో వచ్చింది. కారణం తర్వాత తెలిసింది. పోల్చేది దేశంలోని పిల్లలందరితో కాదు, ఈ పరీక్ష రాసిన పిల్లలతోనే. ప్రెప్ స్కూళ్లకి తయారవుతున్నవాళ్ల గుంపులో మధ్యలో ఉండటం వేరు. కొత్తగా ఇందులోకి దిగే తల్లిదండ్రులకి ఇదొక్కటి ముందే చెబుతాను, ఆ మొదటి అంకె చూసి పిల్లల్ని ఏమీ అనకండి. నేను అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అదే కంగారులో ఒక తప్పు చేశాను. ఎవరో చెప్పారని ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాం. మూడు వేల డాలర్లు ముందే కట్టించుకున్నాడు. మా అమ్మాయి రాసిన వ్యాసం బాగు చేసి పంపుతానన్నాడు. అసలు తను రాసింది వాళ్ల నానమ్మతో ఆడిన అష్టాచమ్మా గురించి. అమ్మ రెండు వేసవులు మా దగ్గర ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు గవ్వలు కొంగున కట్టుకుని తెచ్చింది. పెట్టెలో పెడితే పోతాయని. అమ్మ ఆడే రూల్స్ ప్రకారం ముందు ఆడేవాళ్లే ఎక్కువ గెలుస్తున్నారని మా అమ్మాయికి అనుమానం వచ్చి, వారం రోజులు ప్రతి ఆటా నోట్‌బుక్‌లో రాసి, రూల్ మార్చాలని వాదించింది. అమ్మ ఒప్పుకోలేదు. “మా అమ్మమ్మ కాలం నుంచి గిదే ఆట. నీ నోట్‌బుక్ కోసం మారుస్తనా?” అంది. చివరికి రోజుకో రూల్ చొప్పున ఆడేట్టు రాజీ కుదిరింది. వ్యాసంలో ఉన్నది ఇంతే, రాజీ దాకా.

కన్సల్టెంట్ దగ్గర్నుంచి తిరిగొచ్చిన కాగితంలో గవ్వలు మొదటి వాక్యంలోనే మాయమయ్యాయి. రెండు సంస్కృతుల మధ్య వంతెన, నాయకత్వ లక్షణాలు, ప్రపంచాన్ని మార్చాలనే తపన వచ్చి కూర్చున్నాయి. పధ్నాలుగేళ్ల పిల్ల కాదు, పదవీ విరమణ సభలో మాట్లాడే ఆఫీసర్ రాసినట్టుంది. మా అమ్మాయి చదివి, “ఇది ఎవరు నాన్నా?” అని అడిగింది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. పాత వ్యాసమే, రెండు స్పెల్లింగులు సరిచేసి పంపాం.

తల్లిదండ్రులు రాయాల్సిన భాగం ఒకటుంటుంది. పిల్ల గురించి మీ మాటల్లో చెప్పండి అంటారు. టీచర్ల సిఫార్సులు, మార్కుల షీట్లు స్కూల్ నుంచి నేరుగా వెళ్తాయి, వాటిలో మన చెయ్యి ఉండదు. మన చేతిలో ఉన్నది ఇదొక్కటే. నేను రెండు రాత్రులు కూర్చుని రాశా. మా ఆవిడ చదివి కళ్లజోడు తీసి, “సంబంధాలకి పంపే బయోడేటాలా ఉంది. ఎత్తు, రంగు ఒక్కటే తక్కువ” అంది. చెరిపేశాను. ఈసారి తను ఓడిపోయినప్పుడు ఎలా ఉంటుందో రాశాను. లెక్కల పోటీ నుంచి తిరిగొచ్చిన ఆ మంచు రోజు కారులో మాటలు రాశాను. తొందరగా కోపం వస్తుంది, గది సర్దుకోదు అని కూడా రాశా. సబ్మిట్ కొట్టాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పిల్ల మీద చాడీలు చెప్పానేమో అని.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అక్కడ ఉండి చదవడానికి ఏడాదికి 60 వేల డాలర్ల పైమాటే. నాలుగేళ్లకి లెక్కేస్తే మా ఊళ్లో నాన్న అమ్ముకున్న పొలం పదిసార్లు కొనొచ్చు. అయితే ఎక్సెటర్ 2021లో ఒక నిర్ణయం ప్రకటించింది. పిల్లని తీసుకోవాలా వద్దా అని చూసేటప్పుడు ఇంట్లోవాళ్లు ఎంత కట్టగలరో చూడరు, తీసుకున్నాక అవసరాన్ని బట్టి సాయం చేస్తారు. ఆ మాట నమ్మి సాయానికి దరఖాస్తు పెట్టాం. ట్యాక్స్ రిటర్నులు, జీతం కాగితాలు, ఇంటి అప్పు, బ్యాంకు నిల్వలు ఒక్కొక్కటీ ఎక్కిస్తుంటే, గురుకులం ఫారంతో పాటు మండలాఫీసులో ఆదాయ ధ్రువపత్రం కోసం నాన్న నాలుగు రోజులు తిరగడం గుర్తొచ్చింది. ఇక్కడ తిరగక్కర్లేదు, అన్నీ కంప్యూటర్లోనే. సిగ్గు మాత్రం అదే. ఇండియాకి నెలనెలా పంపే డబ్బు ఏ గడిలో రాయాలో తెలియక వేరే ఉత్తరం రాసి జతచేశాను. మా స్నేహితుడొకడు, “నీ జీతానికి సాయం అడగడమేంట్రా” అన్నాడు. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు. సాయం వచ్చింది, పూర్తిగా కాదు. మిగతాది కిచెన్ రీమోడలింగ్ కోసం దాచుకున్నదాంట్లోంచి కడుతున్నాం. మా ఆవిడ ఇప్పటికీ ఆ పాత పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఒకసారి నా వైపు చూస్తుంది.

ఈ బళ్లన్నీ మార్చి 10న ఒకేసారి ఫలితాలు చెబుతాయి. జవాబు చెప్పడానికి ఏప్రిల్ 10 దాకా టైమ్. ఆ రోజు అమ్మాయి గదిలోకెళ్లి తలుపేసుకుంది. మేమిద్దరం వంటింట్లో నిలబడి చెప్పుకోవడానికేం లేక పప్పు ఉడికిందా లేదా అని మూడుసార్లు చూశాం. ముందు ఒకచోట లేదన్నారు. రెండుచోట్ల వెయిటింగ్ లిస్ట్. ఆ మూడింటి కబురూ తలుపు వెనక నుంచే వినిపించింది. నాలుగోది చెప్పలేదు. తలుపు తీసుకుని వచ్చి లాప్‌టాప్ మా ముందు పెట్టింది. చదవకుండానే తెలిసింది. గెంతలేదు, ఏడవలేదు. “పప్పు మాడుతోంది” అంది.

తర్వాతి నెల రోజులు మా ఇంట్లో ఒకళ్లు సరే అంటే ఇంకొకళ్లు వద్దనేవాళ్లం. వంతులవారీగా. గుడిలో కలిసినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, “అక్కడ చదివితే హార్వర్డ్ గ్యారంటీయా?” గ్యారంటీ ఏమీ లేదు. ఒకే బళ్లో అంతమంది చురుకైన పిల్లలు ఒకేసారి అవే కాలేజీలకి అప్లై చేస్తే పోటీ ఇంకా ఎక్కువ కావచ్చు. కాలేజీ సీటు కోసమే అయితే నేను పంపేవాణ్ని కాదు, మా ఊరి హైస్కూలే చాలు. నన్ను కదిలించింది వాళ్ల లెక్కల పుస్తకం. వాళ్ల టీచర్లే తయారు చేసి, ఎవరైనా చూసుకునేలా ఉచితంగా పెట్టారు. డౌన్‌లోడ్ చేసి చూస్తే అందులో పాఠాలు లేవు. చాప్టర్లు లేవు, ‘సూత్రం’ అని బాక్సు కట్టిన గడి లేదు, సాధించిన ఉదాహరణ లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉత్త లెక్కలే. పిల్లలు రాత్రి చేసుకొచ్చి పొద్దున బోర్డు మీద పెట్టాలి. సూత్రాలు బట్టీపట్టి ఇక్కడిదాకా వచ్చిన నాలాంటివాడికి అది చూస్తే కోపమే వచ్చింది. మరి టీచర్ చేసే పనేంటి? ఆ ప్రశ్న తెగకుండానే ఏప్రిల్ మొదటి వారంలో సంతకం పెట్టేశాం.

సెప్టెంబర్ మొదట్లో దింపాం. ట్రంకు పెట్టె లేదు. నీలం రంగు పెద్ద సంచులు రెండు, దుప్పట్లు, ఫ్యాను, కందిపొడి, ఆవకాయ చిన్న సీసా. గదిలో వంట సామాన్లు పెట్టుకోకూడదని రూల్ ఉండటంతో రైస్ కుక్కర్ కారులోనే మిగిలిపోయి మాతో పాటే వెనక్కి వచ్చింది. అక్కడ తొమ్మిదో తరగతి వాళ్లని ‘ప్రెప్’ అంటారు, తర్వాత ‘లోయర్’, ‘అప్పర్’, చివరికి సీనియర్. సీనియర్లు వచ్చి సంచులు మా చేతుల్లోంచి లాక్కుని మూడో అంతస్తు దాకా మోశారు. మా సీనియర్లు మా చేత బకెట్లు మోయించేవాళ్లు. సరే, అది వేరే పురాణం. బయల్దేరేటప్పుడు నేను కిటికీ దించి చెయ్యి ఊపుతూనే ఉన్నా, మలుపు తిరిగేదాకా. తను అప్పటికే వెనక్కి తిరిగి ఎవరితోనో నవ్వుతోంది.

మొదటి నెల బాగా లేదు. రోజూ రాత్రి ఫోన్. ఎక్సెటర్‌లో క్లాసంటే కోడిగుడ్డు ఆకారపు పెద్ద బల్ల, చుట్టూ పన్నెండు మంది పిల్లలు, వాళ్లలో ఒకరిగా టీచర్. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే దాత ఇచ్చిన డబ్బుతో ఈ పద్ధతి వచ్చింది, ఆయన పేరే బల్లకీ పద్ధతికీ స్థిరపడిపోయింది. వెనక బెంచీ అనేదే ఉండదు, దాక్కోవడానికి చోటు లేదు. ఇంట్లో భోజనాల దగ్గర మమ్మల్ని మాట్లాడనివ్వని పిల్ల, ఆ బల్ల దగ్గర మూడు వారాలు నోరు తెరవలేదట. “నేను చెప్పాలనుకున్నది వేరేవాళ్లు ముందే చెప్పేస్తున్నారు నాన్నా” అని ఏడ్చింది. మా ఆవిడ ఆ రాత్రే వెళ్లి తీసుకొచ్చేద్దామంది. నేను కారు తాళాలు చేతిలో పట్టుకుని కాసేపు వరండాలో నిలబడ్డా. వెళ్లలేదు. సరైన పనేనా అని ఇప్పటికీ అనుకుంటాను.

అక్టోబర్‌లో తల్లిదండ్రులు వచ్చి పిల్లలతో పాటు క్లాసుల్లో కూర్చునే రోజులుంటాయి. లెక్కల క్లాసులో మేం గోడవారగా కుర్చీల్లో కూర్చున్నాం. పిల్లలు వస్తూనే ఎవరికి వాళ్లు చాక్‌పీసు అందుకుని, చుట్టూ ఉన్న బోర్డుల మీద రాత్రి చేసిన లెక్కలు రాయడం మొదలెట్టారు. టీచర్ ఏం చెప్పలేదు. మా అమ్మాయి రాసిన లెక్క దాదాపు ఇది: తిన్నగా పోయే ఒక రోడ్డు. మొదలు నుంచి కొలిస్తే 0 దగ్గర రోడ్డుకి 3 మైళ్ల ఎడంగా ఒక ఊరు, 9వ మైలు దగ్గర 6 మైళ్ల ఎడంగా, అదే వైపున, ఇంకో ఊరు. రెండు ఊళ్లకీ సమాన దూరంలో రోడ్డు మీద బావి తవ్వాలి. ఎక్కడ?

మా అమ్మాయి సగానికి సగం కొట్టి 4.5 అని రాసింది. తప్పని చూడగానే తెలిసింది. నా చేతులు దురద పెట్టాయి. లంబ సమద్విఖండన రేఖ, వాలు మైనస్ 3, రెండు లైన్లలో తేలిపోతుంది. తెలుగు మీడియంలో పదో తరగతికి చదివింది ఇంకా నోట్లోనే ఉంది. టీచర్ వైపు చూశా. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏదో సినిమా చూస్తున్నట్టు కూర్చున్నాడు. పక్కనున్న అబ్బాయి, “అక్కడ తవ్వితే ఏ ఊరివాళ్లు ఎక్కువ నడుస్తారు?” అని అడిగాడు. మా అమ్మాయి రెండు దూరాలూ కట్టింది. సమానంగా రాలేదు. ఎవరూ నవ్వలేదు. తను చెరపలేదు కూడా, పక్కన బాణం గుర్తు వేసి “ఈ ఊరికి దగ్గరైంది, కాబట్టి అటు జరగాలి” అంది. ఎంత జరగాలో ఎవరికీ తెలియదు. ఒకరు 5 అన్నారు, ఇంకొకరు 7 అన్నారు, కట్టి చూస్తున్నారు. పైథాగరస్ పెట్టి సమీకరణం రాద్దామని ఒకడు మొదలెట్టి మధ్యలో చిక్కుకున్నాడు. అప్పుడు అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఒక సన్నటి పిల్ల తన గ్రాఫ్ కాగితం ఎత్తి, ఒక ఊరి చుక్క మీద ఇంకో ఊరి చుక్క పడేట్టు మడతపెట్టింది. వేలితో మడత గట్టిగా రుద్ది, విప్పి బల్ల మధ్యకి తోసింది. మడత గీత రోడ్డుని ఎక్కడ దాటిందో చూడ్డానికి పన్నెండు తలకాయలూ వంగాయి, మా అమ్మాయిది అందరికంటే ముందు. తనే గట్టిగా అంది, “ఆరు!”

“ఎందుకు?” అన్నాడు టీచర్. ఆ పీరియడ్ మొత్తంలో నాకు వినిపించిన ఆయన మాట అదొక్కటే. బెల్లు కొట్టేదాకా దాని మీదే వాదించుకున్నారు, తేలలేదు. రేపటికి వాయిదా.

మధ్యాహ్నం తను ఫ్రెండ్స్‌తో వెళ్తానంటే మేమిద్దరం తిరుగు దారి పట్టాం. దారిలో కాఫీకి ఆగాం. మా ఆవిడ ఆర్డర్ చెప్పడానికి వెళ్లింది. నేను పేపర్ నాప్కిన్ మీద పెన్నుతో ఒక గీత గీసి, రెండు ఊళ్లు పెట్టి, మడతపెట్టాను. నాప్కిన్ మెత్తన, మడత వంకరగా వచ్చింది. విప్పి ఇంకోసారి పెట్టాను.